కౌబాయ్స్ ఎవర్ని తీసుకుంటారు? పాఠకుల ప్రశ్నలు, ఫ్రిస్కో నుంచి జవాబులు

ఏప్రిల్ దగ్గరపడిందంటే ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాల్లో వీసా ప్రశ్నలు కాస్త తగ్గి ఫుట్‌బాల్ ప్రశ్నలు ఎక్కువవుతాయి. ఫుట్‌బాల్ అంటే కాలితో తన్నేది కాదు, అమెరికావాళ్లు చంకలో పెట్టుకుని పరిగెత్తేది. ఈసారి వచ్చినవాటిలో సగానికి పైగా డల్లాస్ కౌబాయ్స్ జట్టు డ్రాఫ్ట్‌లో, అంటే కాలేజీ కుర్రాళ్లని జట్లు వంతులవారీగా ఎంచుకునే ఏప్రిల్ కార్యక్రమంలో, ఎవర్ని తీసుకుంటుందన్న దాని గురించే. నేనుండేది టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో, ఆ జట్టు కార్యాలయం ‘ది స్టార్’ ఉన్న ఊళ్లో. ఇక్కడ ఇండియన్ స్టోర్‌లో బెండకాయలు ఏరుకుంటూ కూడా "ఈసారి ఫస్ట్ రౌండ్‌లో ఎవరండీ?" అని అడుగుతారు. కాబట్టి నా జవాబుల్లో కొంచెం పక్షపాతం ఉంటుంది, సర్దుకుపోండి. "ఒక్క పేరు చెప్పండి చాలు" అన్న ఉత్తరాలు మాత్రం పక్కన పెట్టేశాను. పత్రిక అచ్చయి మీ చేతికొచ్చేలోగా ఎవరో ఒకరి మోకాలు దెబ్బతింటుంది, ఏదో ఒక ట్రేడ్ (జట్ల మధ్య ఇచ్చిపుచ్చుకోవడం) జరిగిపోతుంది.

ప్రశ్న: మా అబ్బాయి వారం రోజులుగా డ్రాఫ్ట్, మాక్ డ్రాఫ్ట్ అంటూ పుస్తకం నిండా పేర్లు రాస్తున్నాడు. ఇది మన ఐపీఎల్ వేలం లాంటిదేనా? డబ్బు ఎవరు ఎక్కువ పెడితే వాళ్లకేనా?
— ఒక తల్లి, ఇర్వింగ్

జవాబు: కాదమ్మా, ఇందులో వేలం పాటే లేదు. 32 జట్లు, 7 రౌండ్లు. కిందటి సీజన్‌లో అందరికంటే అధ్వానంగా ఆడిన జట్టుది మొదటి వంతు, ఛాంపియన్‌ది చివరి వంతు. హైస్కూల్ అయ్యాక కనీసం మూడేళ్లు గడిచిన కుర్రాళ్లే అర్హులు. మన ఎంసెట్ కౌన్సెలింగ్‌ని తలకిందులు చేసి చూడండి. ఇక్కడ కుర్రాడు కాలేజీని ఎంచుకోడు, కాలేజీయే కుర్రాణ్ణి ఎంచుకుంటుంది, అదీ ఆఖరి ర్యాంకు కాలేజీ అందరికంటే ముందు. వెబ్ ఆప్షన్లు పెట్టుకునే సౌకర్యం కుర్రాడికి లేదు.

జీతం కూడా ఎన్నో నంబర్‌లో తీసుకున్నారనేదాన్ని బట్టే దాదాపు ఖాయమైపోతుంది. లీగ్‌కీ ఆటగాళ్లకీ మధ్య కుదిరిన 2011 ఒప్పందానికి ముందు ఇలా ఉండేది కాదు. 2010లో మొదటి పిక్ (అంటే మొదటి ఎంపిక) శామ్ బ్రాడ్‌ఫర్డ్‌కి గ్యారంటీ సొమ్మే 5 కోట్ల డాలర్లు. మరుసటి ఏడాది మొదటి పిక్ కామ్ న్యూటన్‌కి నాలుగేళ్లకి కలిపి సుమారు 2.2 కోట్లు.

మీవాడు రాస్తున్న మాక్ డ్రాఫ్ట్ అంటే ఏ జట్టు ఎవర్ని తీసుకుంటుందో ముందే ఊహించి రాసుకోవడం. రాసుకోనివ్వండి, చదువేం పాడవదు. 1936లో ఫిలడెల్ఫియాలో జరిగిన మొట్టమొదటి డ్రాఫ్ట్‌లో మొదటి పేరు జే బెర్వాంగర్. ఆయన ఆ తర్వాత ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ ఒక్క ఆట కూడా ఆడలేదు. జట్లకే దిక్కుతోచని వ్యవహారం ఇది, మీవాడి లిస్టు తప్పితే ఎవరూ ఏమీ అనరు.

ప్రశ్న: 2025లో కౌబాయ్స్ 12వ పిక్‌కి బంతి అందుకునే రిసీవర్‌ని తీసుకుంటారని చాలామంది అన్నారు. తీరా చూస్తే గార్డ్ టైలర్ బుకర్‌ని తీసుకున్నారు. ఇలాంటివి ముందే పసిగట్టడం సాధ్యమా?
— ఒక అభిమాని, ప్లేనో

జవాబు: సాధ్యమే. కాకపోతే కుర్రాళ్ల వీడియోలు చూడటం కాసేపు ఆపి, జట్టు వైపు చూడాలి.

మా వంటింటి గోడకి ఇండియన్ స్టోర్ వాళ్లిచ్చిన తెలుగు క్యాలెండర్ ఉంటుంది. మార్చి నెల కాగితం మీద ఖాళీ దొరికిన చోటల్లా జట్టు నుంచి ఎవరు వెళ్లిపోయారు, ఎవరు రిటైరయ్యారు అని పెన్సిల్‌తో రాస్తుంటాను. మా ఆవిడ ఏకాదశి ఎప్పుడా అని చూడబోతే అక్కడ ‘రైట్ గార్డ్ ఖాళీ’ అని కనిపిస్తుంది. 2025లో ఆ ఖాళీ చిన్నది కాదు. జాక్ మార్టిన్ రిటైరయ్యాడు. 2014లో మొదటి రౌండ్‌లో వచ్చి, ఏడుసార్లు ఆల్-ప్రో ఫస్ట్ టీమ్‌లో, అంటే ఆ ఏడాది లీగ్ మొత్తంలో అత్యుత్తముల జాబితాలో, నిలిచిన మనిషి. బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్‌ని కాపాడే గోడలో అంత పెద్ద కంత పడితే రిసీవర్ ఎంత గొప్పవాడైతే ఏం లాభం, బంతి విసిరే టైమ్ ఎవరిస్తారు?

ఇక జట్టు అలవాటు చూడండి. మొదటి రౌండ్‌లో ఆ గోడ కట్టే ఆఫెన్సివ్ లైన్ వాళ్లంటే కౌబాయ్స్‌కి మోజు. 2011లో టైరన్ స్మిత్, 2013లో ట్రావిస్ ఫ్రెడరిక్, 2014లో మార్టిన్, 2022లో టైలర్ స్మిత్, 2024లో టైలర్ గైటన్, 2025లో ఈ బుకర్. (చివరి ముగ్గురూ టైలర్‌లే. "లైన్‌మన్ అయి, పేరు టైలర్ అయితే కళ్లుమూసుకుని రాసెయ్" అని మా స్నేహితుల్లో ఒక జోకు.) ఫ్రెడరిక్‌ని 31వ పిక్‌కి తీసుకున్నప్పుడు "అంత ముందు దండగ" అని టీవీల్లో తిట్టిపోశారు. అతను ఐదుసార్లు ప్రో బౌల్‌కి (మేటి ఆటగాళ్ల ప్రదర్శనకి) ఎంపికయ్యాడు. ఆ అనుభవం ఉన్న జట్టుని జనం తిట్లు ఆపలేవు.

ఇంకో సంగతి. ఈ జట్టు మార్చిలో బయటి ఆటగాళ్ల మీద పెద్ద మొత్తాలు పెట్టదు. ఖాళీ ఉన్న ప్రతిచోటా ఒకరిద్దరు అనుభవజ్ఞుల్ని చవగ్గా తెచ్చి అప్పటికి సరిపెడుతుంది. ఆ చవక కొనుగోలు చూసి "గార్డ్ సంగతి తేలిపోయింది" అని కొట్టేసినవాళ్లు బుకర్‌ని ఊహించలేరు. ఆ వచ్చినవాడికి ఎంత జీతం, ఎన్నేళ్ల ఒప్పందం అన్నది చూడండి. ఏడాదికి చిన్న మొత్తమైతే ఆ ఖాళీ అలాగే ఉన్నట్టు లెక్క.

మరి రిసీవర్? అప్పుడు అందరూ అనుకున్న టెటైరోవా మెక్‌మిలన్ ఎనిమిదో పిక్‌కే కరొలైనాకి వెళ్లిపోయాడు. డ్రాఫ్ట్ అయిన కొద్దిరోజులకే, మే నెలలో, కౌబాయ్స్ పిట్స్‌బర్గ్ నుంచి జార్జ్ పికెన్స్‌ని ట్రేడ్‌లో తెచ్చుకున్నారు. ఖాళీని గుర్తించడంలో జనం తప్పేం లేదు, దాన్ని డ్రాఫ్ట్‌లోనే పూడుస్తారనుకోవడమే తొందరపాటు.

ప్రశ్న: డేటా సైన్స్‌లో పనిచేస్తున్నాను. కంబైన్ (డ్రాఫ్ట్‌కి ముందు కుర్రాళ్లకి పెట్టే శారీరక పరీక్షలు) అంకెలన్నీ వేసి ఒక మోడల్ కట్టాను. పరుగు, ఎత్తు, బరువు, బెంచ్ ప్రెస్ అన్నీ ఉన్నాయి. అయినా మొదటి రౌండ్ సగం కూడా సరిపోవట్లేదు.
— ఒక పాఠకుడు, గచ్చిబౌలి

జవాబు: మీ మోడల్ జవాబిస్తున్నది వేరే ప్రశ్నకి. ఏ కుర్రాడి శరీరం ఎంత గట్టిదో అది చెబుతుంది. ఏ జట్టు ఏ నిమిషంలో ఏం చేస్తుందో దానికేం తెలుసు?

ఇండియానాపొలిస్‌లో జరిగే కంబైన్‌లో 40 గజాల పరుగుకి ఉన్న మోజు అంతా ఇంతా కాదు. 2017లో జాన్ రాస్ 4.22 సెకన్లలో పరిగెత్తితే సిన్సినాటి తొమ్మిదో పిక్‌కి తీసుకుంది. గాయాలతో సతమతమై అతను పెద్దగా రాణించలేదు. 2024లో జేవియర్ వర్తీ 4.21తో ఆ రికార్డు కొట్టాడు. అయినా 28వ పిక్ దాకా ఆగాల్సి వచ్చింది. అదే ఏడాది అట్లాంటా మార్చిలో కర్క్ కజిన్స్‌తో నాలుగేళ్లకి 18 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకుని, ఏప్రిల్‌లో ఎనిమిదో పిక్‌కి మళ్లీ క్వార్టర్‌బ్యాక్‌నే, మైకల్ పెనిక్స్‌ని తీసుకుంది. 2025లో షెడ్యూర్ సాండర్స్‌ని చాలామంది మొదటి రౌండ్‌లో రాసుకున్నారు, అతని పేరు 144వ పిక్‌కి వినపడింది. ఇవేవీ మీ ఎక్సెల్ షీట్‌లో దొరకవు.

ముందు ఎవరెవరు అయిపోతారు అన్నది లెక్కలోకి తేవాలి. 2021 చూడండి. కౌబాయ్స్‌ది పదో పిక్. వాళ్లకి కావలసింది అవతలి రిసీవర్లని అడ్డుకునే కార్నర్‌బ్యాక్. జేసీ హార్న్ ఎనిమిదికి కరొలైనాకి, పాట్రిక్ సర్టెన్ తొమ్మిదికి డెన్వర్‌కి వెళ్లిపోయారు. చేతికందేంత దూరంలో ఇద్దరూ అయిపోయారు. అప్పుడు ఫిలడెల్ఫియాతో మాట్లాడుకుని 12కి దిగి, మైకా పార్సన్స్‌ని తీసుకున్నారు. అతనేమో ఆ ఏడాది డిఫెన్స్‌లో ఉత్తమ రూకీ (తొలి ఏడాది ఆటగాడు). ఎనిమిది, తొమ్మిది పిక్‌లలో ఒక్కటి మారినా పార్సన్స్ డల్లాస్ గడప తొక్కేవాడు కాదు. (2025 ఆగస్టులో అతన్ని గ్రీన్ బేకి ఇచ్చేశారు. ఆ సంగతి ఫ్రిస్కోలో ఎత్తకండి, ఇంకా పచ్చిగానే ఉంది.)

మోడల్‌లో ఒక కాలమ్ చేర్చండి. ప్రతి జట్టూ డ్రాఫ్ట్‌కి ముందు తన ఆవరణకి 30 మంది కుర్రాళ్లని పిలిపించుకోవచ్చు. సొంత ప్రాంతపు కుర్రాళ్లు ఆ లెక్కలోకి రారు. కౌబాయ్స్ ఆ పిలిచినవాళ్లలోంచే ఎక్కువగా తీసుకుంటారని ఇక్కడి విలేకర్లంతా ఏటా రాస్తారు. బెంచ్ ప్రెస్ కాలమ్ తీసేసి అది పెట్టండి.

ప్రశ్న: మా అబ్బాయి దగ్గరికి వచ్చి మూడు నెలలైంది. టీవీలో ‘కిందికి దిగి లాభపడ్డారు’ అంటారు. వెనక్కి వెళ్తే లాభం ఎలా వస్తుంది? లెక్క ఏమిటి?
— రిటైర్డ్ లెక్కల మాస్టారు, ప్రస్తుతం మెకినీ

జవాబు: నమస్కారం మాస్టారూ. దీనికి పాయింట్ల పట్టిక ఒకటుంది, పైగా అది పుట్టింది కౌబాయ్స్ ఇంట్లోనే. 1990ల మొదట్లో కోచ్ జిమ్మీ జాన్సన్ హయాంలో, జట్టులో వాటాదారు మైక్ మెకాయ్ తయారుచేశాడు. మొదటి పిక్‌కి 3000 పాయింట్లు, రెండోదానికి 2600, పదోదానికి 1300, 32వదానికి 590. ఇప్పుడు కొత్త పట్టికలు చాలా వచ్చాయి కానీ మాట్లాడుకునేటప్పుడు ఇదే ఇంకా నలుగుతుంది.

2024 తీసుకోండి. డల్లాస్ చేతిలో 24వ పిక్, అంటే 740 పాయింట్లు. దాన్ని, 2025 ఏడో రౌండ్ పిక్‌ని డెట్రాయిట్‌కి ఇచ్చి 29, 73 తీసుకున్నారు. 29కి 640, 73కి 225, కలిపితే 865. ఏడో రౌండ్ పిక్‌కి ఒకటో రెండో పాయింట్లు, అది వదిలేయండి. 120 పైచిలుకు పాయింట్లు మిగిలాయి. 29కి గైటన్, 73కి కూపర్ బీబీ. 2021 లెక్క కూడా వేసి చూడండి: 10కి 1300. 12కి 1200, ఫిలడెల్ఫియా అదనంగా ఇచ్చిన 84కి 170.

జోస్యం చెప్పేవాళ్లకి ఇందులో పనికొచ్చే ముక్క ఇది. జట్టుకి నచ్చినవాళ్లు నలుగురైదుగురు ఒకే స్థాయిలో మిగిలి ఉంటే కిందికి దిగుతుంది, ఒక్కడే మిగిలితే కదలదు.

ప్రశ్న: ఓనర్ జెర్రీ జోన్స్ ఆఖరి నిమిషంలో మనసు మార్చుకుంటే మీ లెక్కలన్నీ ఏమవుతాయి?
— ఒక పాఠకురాలు, కేరీ

జవాబు: గాల్లో కలుస్తాయి. ఆయన ఓనరూ, జనరల్ మేనేజరూ కూడా. 2014లో ఆయన మనసు క్వార్టర్‌బ్యాక్ జానీ మాంజెల్ మీద పడింది. కొడుకు స్టీఫెన్, మిగతావాళ్లు నచ్చజెప్పి మార్టిన్‌ని రాయించారు. మాంజెల్ క్లీవ్‌లాండ్ వెళ్లి రెండు సీజన్లకే చల్లబడ్డాడు. 2016లో ఇంకో క్వార్టర్‌బ్యాక్ పాక్స్టన్ లించ్ కోసం పైకి ఎక్కబోతే డెన్వర్ ఎగరేసుకుపోయింది. కానర్ కుక్‌ని తీసుకుందామంటే ఓక్లండ్ ముందుకొచ్చి లాక్కుంది. ఇక మిగిలినవాడు డాక్ ప్రెస్కాట్, నాలుగో రౌండ్, 135వ పిక్. ఆ ఏడాది ఆఫెన్స్‌లో ఉత్తమ రూకీ అతనే. అంచేత నాలుగో రౌండ్ ఎవరు ఊహించారని చెప్పినా నేను నమ్మను, మీరూ నమ్మకండి.

ప్రశ్న: అందరికంటే చివర ఎంపికైనవాణ్ణి ‘మిస్టర్ ఇర్రెలెవెంట్’ అంటారట. అతను ఆడతాడా, ఊరికే వెక్కిరింపేనా?
— ఒక విద్యార్థి, డెంటన్

జవాబు: 2022లో 262వ పిక్, ఆ ఏడాదికి ఆఖరిది, శాన్ ఫ్రాన్సిస్కో తీసుకున్న బ్రాక్ పర్డీ. 2024 ఫిబ్రవరిలో సూపర్ బౌల్‌లో (లీగ్ ఫైనల్) ఆ జట్టు క్వార్టర్‌బ్యాక్ అతనే.

ప్రశ్న: మనవాళ్లెవరైనా డ్రాఫ్ట్ అయ్యారా?
— ఒక పాఠకుడు, ఎడిసన్

జవాబు: మన తెలుగువాళ్లు నాకు తెలిసి లేరు. భారతీయ మూలాలున్నవాళ్లలో బ్రాండన్ చిల్లార్ ఉన్నాడు, వాళ్ల నాన్నగారు భారతీయుడు. 2004లో సెయింట్ లూయిస్ రామ్స్ నాలుగో రౌండ్‌లో తీసుకున్నారు.

ప్రశ్న: మా అల్లుడు "మామయ్యగారూ, మీరూ చూడండి, ఫోన్‌లో మాట్లాడుకుందాం" అంటున్నాడు. ఇక్కడ ఎన్నింటికి వస్తుంది?
— ఒక పెద్దాయన, తెనాలి

జవాబు: అమెరికాలో తూర్పు తీరం టైమ్ ప్రకారం గురువారం రాత్రి 8కి మొదలవుతుంది, అంటే మీకు శుక్రవారం తెల్లవారి 5:30. మొదటి రౌండ్ ఒక్కటే మూడున్నర నాలుగు గంటలు నడుస్తుంది, కాఫీ తాగి కూర్చుంటే టిఫిన్ టైమ్‌కి అయిపోతుంది. రెండు, మూడు రౌండ్లు మీకు శనివారం తెల్లవారుజామున 4:30కి. మిగతా నాలుగు రౌండ్లు శనివారం రాత్రి 9:30కి మొదలై అర్ధరాత్రి దాటి సాగుతాయి. వాటికోసం మేలుకోవద్దు, మీ అల్లుడు ఎలాగూ ఆదివారం పొద్దున్నే ఫోన్ చేసి పేర్లన్నీ చదివి వినిపిస్తాడు.