ముసురుని తక్కువగా చూడకు, అమ్మలూ

విజయనగరం

అమ్మలూ,

న్యూమెక్సికోలో నీకు ఉద్యోగం వచ్చిందని, కట్టుబడి సైట్లలో వాననీరు ఎటు పోతోందో చూసి రాసే పని అని మీ అమ్మ ఫోన్ చేసింది. మనింటి పిల్ల కాంట్రాక్టరు ఎదురుగా నిలబడి ‘ఇది బాలేదు, సరిచెయ్యండి’ అంటుందా! సంతోషంతో ఆ పూట అన్నం సహించలేదు. రాత్రి టెన్షన్‌తో నిద్రా పట్టలేదు.

నువ్వు పంపిన ఈపీఏ వాళ్ల, అదే అమెరికా పర్యావరణ సంస్థ వాళ్ల, 2022 వాననీటి పర్మిట్ ప్రింటు తీయించి చదివాను. ఎకరం, అంతకుమించి నేల కదిపితే వర్తిస్తుంది. 7 రోజులకోసారి చూడాలి. లేదా 14 రోజులకోసారీ, పావు అంగుళం వాన పడినప్పుడల్లా 24 గంటల్లోపూ. చూశాక 24 గంటల్లో రిపోర్టు. ఇవి నీకు నేను చెప్పాలా? వేరే రాష్ట్రానికి మారితే మాత్రం అక్కడి పర్మిట్ మళ్లీ చదువుకో.

పావు అంగుళమంటే ఆరు మిల్లీమీటర్లు. తుఫాన్లు చూసినవాళ్లం, మనం దాన్ని వానే అనం. చీపురుపల్లి దాటాక రాజాం దారిలో కల్వర్టు కట్టిన కాంట్రాక్టరూ అలాగే అనుకున్నాడు. నేనప్పుడు కొత్త వర్క్ ఇన్‌స్పెక్టర్ని. తవ్విన ఎర్రమట్టంతా గెడ్డ గట్టు మీదే పోయించాడు, తిరిగి పూడ్చడానికి దగ్గరని. తీయించమంటే ‘ఈ చినుకులకేటవుద్ది బాబూ’ అన్నాడు. అతని సూపర్‌వైజరు టీకొట్లో కూర్చునే రిజిస్టర్లో ‘బాగుంది’ అని రాసేవాడు. ఆషాఢం. పెద్ద వానేం కాదు, రెండు రాత్రులు ముసురు పట్టిందంతే. మట్టి గెడ్డలోకి జారి మదుము పూడిపోయింది, నీళ్లు పక్క ఆకుమడి మీదికెక్కాయి. తెల్లారి చూస్తే ఎర్ర బురదలోంచి నారు కొసలే కనబడుతున్నాయి. ఓ ముసలమ్మ గొంతుక్కూర్చుని ఒక్కో మొక్కా వేళ్లతో పీకి, సత్తుగిన్నెలో కడిగి పక్కన పేరుస్తోంది. కాంట్రాక్టరు డబ్బు తీశాడు. ‘డబ్బు నాటుకుంటానేటి?’ అంది. రిజిస్టరు తెప్పించి చూస్తే ఆ రోజుకే కాదు, మర్నాటికి కూడా ‘బాగుంది’ అని రాసుంది!

నడవకుండా సంతకం పెట్టావని తెలిస్తే చూడు, అంత దూరమూ వచ్చి తిడతాను. సైటు నీళ్లు బయటికి పోయే చోట మొదలుపెట్టి పైకి నడువు. మట్టి కొట్టుకుపోకుండా కట్టే గుడ్డ కంచె, అదే మీ సిల్ట్ ఫెన్స్, దాని దగ్గర చేరిన మట్టి కంచె ఎత్తులో సగానికి రాకముందే తీయించాలి. గుడ్డ అంచు నేలలో పాతారో లేదో వంగి చూడు, నిలబడి చూస్తే తెలీదు. ఎడారని నవ్వుకోకు, అక్కడా జూలై నుంచి సెప్టెంబరు దాకా ఉరుముల వానలే.

తడిసిన గోతి అంచున మాత్రం నిలబడకు తల్లీ. ప్రమాదమనిపించిన చోటికి వెళ్లనక్కర్లేదని మీ పర్మిట్‌లోనే ఉంది. ఏ చోటో, ఎందుకో రిపోర్టులో రాస్తే సరి. ఆ వాక్యం కింద రెండు గీతలు గీసి ఫొటో పంపుతున్నాను.

మీ అత్త పలాస జీడిపప్పు కట్టి ఉంచింది. పెట్టె బరువెక్కువైతే బట్టలు తీసెయ్, అది తియ్యకు.

మీ మావయ్య