ఇల్లు – ముచ్చట: నైరుతి గది ఎవరికి?

ప్రశ్న: సార్, నమస్తే. మాది హనుమకొండ. పదహారేళ్లుగా కిరాయి ఇళ్లలోనే ఉన్నాం, ఇన్నాళ్లకు భీమారం దాటాక ఉన్న మా 200 గజాల జాగలో ఇల్లు మొదలుపెడుతున్నాం. తూర్పు ముఖం, 30 బై 60. ఇంట్లో ఆరుగురం. బాపుకు 74 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు. అమ్మ, మేమిద్దరం, ఇంటర్ చదివే బిడ్డ, ఎనిమిదో తరగతి కొడుకు. తెలిసినాయనతో ప్లాన్ గీయించాం. ముందు ఈశాన్యంలో పోర్టికో, ఆగ్నేయంలో వంటగది. మధ్యలో ఉత్తరం వైపు హాల్ 13 బై 18, దాని పక్కన దక్షిణం వైపు బాపు వాళ్ల గది 10½ బై 10. వెనక నైరుతిలో మా మాస్టర్ బెడ్‌రూమ్, అటాచ్డ్ బాత్రూమ్. వాయవ్యంలో పిల్లల గది. హాల్లోంచి లోపలి మెట్లు 6 బై 7, వాటి పక్కన కామన్ బాత్రూమ్ 4 బై 7. పైన తర్వాత ఎప్పుడైనా వేసి కిరాయికి ఇవ్వాలని ఉంది. మా బావమరిది ఓపెన్ కిచెన్ పెట్టమంటాడు, మేనమామ హాల్ ఇంకా పెద్దగా ఉండాలంటాడు (మేడారం జాతరప్పుడు చుట్టాలంతా మా ఇంట్లోనే దిగుతారు). తలా ఒక మాట చెప్తుంటే టెన్షన్‌గా ఉంది. వచ్చే నెల ముగ్గు పోయాలి. మీరు ఒకసారి చూసి తప్పులుంటే చెప్పండి.
– ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: ముగ్గు ఒక నెల ఆపండి. ప్లాన్ చెడ్డదని కాదు, లెక్క తప్పింది. మీరు పంపిన కాగితం మీద 13, 10½ అని రెండు అంకెలున్నాయి, కలిపితే 23½. మీ జాగ వెడల్పు 30 అడుగులు, అందులో రెండు పక్కలా మీటరు చొప్పున, అంటే మూడడుగుల మూడంగుళాల చొప్పున సెట్‌బ్యాక్ (ఇంటి చుట్టూ వదిలే ఖాళీ) వదిలితే మిగిలేది కూడా సరిగ్గా 23½. మరి గోడలు ఏవి? బయటి గోడలు 9 అంగుళాల చొప్పున రెండు, మధ్యలో నాలుగున్నర అంగుళాల గోడ ఒకటి, మొత్తం 22½ అంగుళాలు, అంటే దాదాపు రెండడుగులు గాలిలో కలిసిపోయాయి. వెనక రెండు బెడ్‌రూముల దగ్గర కూడా ఇదే తప్పు. ఇది మీ ఒక్కరి కథ కాదు, నాకు వచ్చే ప్లాన్లలో చాలావాటికి ఇదే రోగం. గీసినాయన గదుల కొలతలు వేస్తాడు, ఇంటాయన ఆ కొలతలు చూసి మురిసిపోతాడు, తీరా పిల్లర్లు లేచాక మేస్త్రీ ‘సార్, గది తొమ్మిదిన్నరే వస్తుంది’ అంటాడు. లేదంటే ‘ఏం కాదు సార్, సెట్‌బ్యాక్‌లో ఒక అడుగు లాగుదాం’ అంటాడు. ఆ రెండో మాట మాత్రం వినొద్దు.

ఎందుకంటే 200 గజాలు అంటే 167 చదరపు మీటర్లు. 100 నుంచి 200 చదరపు మీటర్ల జాగల్లో, పది మీటర్ల ఎత్తు లోపు ఇంటికి, చిన్న రోడ్డయితే ముందు మీటరున్నర, మిగతా మూడు పక్కలా మీటరు వదలాలి. మీలాంటి జాగకు ఇప్పుడు పర్మిషన్ ఆన్‌లైన్‌లో స్వీయ ధ్రువీకరణ మీదనే వస్తుంది, అది సులువే, కానీ సంతకం మీది. చెప్పింది ఒకటి, కట్టింది ఒకటి అయితే నోటీసు లేకుండానే కూల్చొచ్చని 2020 చట్టంలోనే ఉంది. చట్టం సంగతి పక్కన పెట్టినా, ఆ మూడడుగుల సందులోనే మీ కూలర్ నిలబడాలి, డ్రైనేజీ చాంబర్లు రావాలి, రేపు పెయింటర్ నిచ్చెన వేసుకోవాలి.

ఇక అసలు విషయం. కాగితం మీద గదులు లెక్కపెట్టడం ఆపి, అందులో మీ బాపును ఒక రోజు నడిపించి చూడండి. రాత్రి రెండు గంటలకు లేస్తాడు. గదిలో బాత్రూమ్ లేదు. తలుపు తీసి, చీకట్లో హాల్ దాటి, మెట్ల పక్కన ఉన్న 4 బై 7 బాత్రూమ్‌కు పోవాలి. దాని తలుపు రెండున్నర అడుగులు కూడా లేదు. నేను ఈ మాట ఊరికే అనడం లేదు. కాజీపేటలో మా ఇల్లు నేనే గీసుకున్నాను, ఇంజినీర్‌ను కదా, బాత్రూమ్ దర్వాజ రెండుంపావు అడుగులు చాలనుకున్నాను. అమ్మకు తుంటి ఎముక విరిగి వాకర్ వచ్చిన రోజు అది లోపలికి పట్టలేదు. టైల్స్ పగలగొట్టి, ఫ్రేమ్ పీకి, మళ్లీ పెట్టించేదాకా పదకొండు రోజులు ఆమె పడిన అవస్థ నాకు తెలుసు.

కాబట్టి నా మాట ఇది. నైరుతి గది ఇంటి పెద్దకు అంటారు కదా వాస్తువాళ్లు. మీ ఇంట్లో పెద్ద ఎవరు? ఆ గది, ఆ అటాచ్డ్ బాత్రూమ్ బాపుకూ అమ్మకూ ఇవ్వండి. మీరిద్దరూ వాయవ్యం గదిలోకి మారండి. బాత్రూమ్ 5 బై 8 చేయండి, తలుపు మూడడుగులు, అది బయటికి తెరుచుకోవాలి (లోపల ఎవరైనా పడితే తలుపుకు అడ్డం పడతారు, లోపలికి తెరిచేదైతే తీయలేరు), గడప ఉండొద్దు, గోడలు కట్టేటప్పుడే కమోడ్ పక్కన పట్టుకునే రాడ్డు కోసం గట్టి ఇటుక వేయించండి.

ఇప్పుడు మీరు బాపుకు పెట్టిన ఆ మధ్య గదికి ఇంకో సమస్య కూడా ఉంది. ఒకటే బయటి గోడ, ఒకటే కిటికీ, అది తెరుచుకునేది దక్షిణం సందులోకి. ఇవాళ పక్క జాగ ఖాళీగా ఉంది కాబట్టి వెలుతురు బ్రహ్మాండంగా కనిపిస్తుంది. రేపు అక్కడ ఇల్లు లేస్తే ఆ గదిలో పగలు కూడా లైటు వేసుకోవాలి. గోడలు పోను అది 9½ బై 10 అవుతుంది, బిడ్డకు ఇవ్వండి, చదువుకునే బల్ల, ఒక సింగిల్ మంచం పడతాయి. రెండేళ్లలో ఆమె హాస్టల్‌కు పోయే అవకాశమే ఎక్కువ. కొడుకు సంగతి అంటారా, ఇప్పుడు కిరాయి ఇంట్లో ఎక్కడ పడుకుంటున్నాడో నాకు తెలియదు కానీ, ఆ వయసు పిల్లలు తాత పక్కనో హాల్లోనో హాయిగా పడుకుంటారు, పైన గది వేసినప్పుడు వాడిది అవుతుంది. కింద మూడో బెడ్‌రూమ్‌ను సరైన సైజులో ఇరికించాలని చూస్తే మీ హాల్ సందు అయిపోతుంది.

నైరుతి గదికి ఒక జాగ్రత్త. మన దగ్గర మే నెలలో 44 డిగ్రీలు దాటే రోజులుంటాయి, పడమటి గోడ సాయంత్రం దాకా ఎండ తాగి రాత్రంతా కక్కుతుంది. అందుకని పడమటి గోడకు బీరువాలు, వార్డ్‌రోబ్‌లు పెట్టండి, కిటికీ దక్షిణానికి ఇవ్వండి. కూలర్ ఆ కిటికీలో పెడితే గాలి బయటికి పోయే దారి ఎదురుగా ఉండాలి, లేకపోతే గది అంతా చెమ్మ. ఇది ఎలివేషన్ (ఇల్లు ముందు నుంచి ఎలా ఉంటుందో చూపే) బొమ్మలో కనిపించదు కాబట్టి ఎవరూ అడగరు.

మెట్లు. 6 బై 7లో మెట్లు రావు, నిచ్చెన వస్తుంది. స్లాబ్‌తో కలిపి పదిన్నర అడుగుల ఎత్తు ఎక్కాలి, ఒక్కో మెట్టు ఏడంగుళాలు అనుకుంటే 18 మెట్లు కావాలి. మీరిచ్చిన జాగలో సగం మలుపుకే పోతుంది, మిగిలిన దాంట్లో మెట్టు అడుగు ఎత్తు వస్తుంది. 6½ బై 10 కంటే తక్కువ ఒప్పుకోకండి. అవి వంటగది వెనక, దక్షిణం గోడకు ఆనించి పెట్టండి. హాల్ వైపు ఒక తలుపు, దక్షిణం సందు వైపు ఇంకొకటి. పైన మీరే వాడుకున్నన్నాళ్లు హాల్ నుంచి ఎక్కుతారు, కిరాయికి ఇచ్చిన రోజు హాల్ తలుపుకు గొళ్లెం పెడితే వాళ్లు సందు నుంచి పోతారు. (వాళ్ల ఫ్రిజ్, మంచాలు మాత్రం ఆ సందులో మలగవు, దిగే రోజు, ఖాళీ చేసే రోజు హాల్ తలుపు తీయక తప్పదు.) కామన్ బాత్రూమ్‌ను ఉత్తరం వైపు, హాల్ అయిపోయాక మీ గదికి ముందు పెట్టండి. ఇలా వేసి చూశాను, 51 అడుగుల 9 అంగుళాల పొడవులో అన్నీ పడుతున్నాయి, గోడలతో సహా.

మీరు అడగనిది ఒకటి, నా దృష్టిలో అన్నిటికంటే పెద్దది. ఇల్లు రోడ్డుకు ఎంత ఎత్తులో పెడుతున్నారు? ప్లాన్‌లో ఎక్కడా లేదు. 2020 ఆగస్టులో, మళ్లీ 2023 జులైలో వరంగల్, హనుమకొండ కాలనీల్లో ఇళ్లలోకి నీళ్లు ఎలా వచ్చాయో మీరు చూసే ఉంటారు. 2023లో మన పక్కన ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 64 సెంటీమీటర్లకు పైగా కురిసింది. మీ జాగ దగ్గర పాత ఇళ్లవాళ్లను అడగండి, ఆ రెండు సార్లూ నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయని, గోడ మీద చూపించమనండి. దానిపైన అడుగు కలపండి. దాంతోపాటు సీసీ రోడ్డు వేసిన ప్రతిసారీ పాతదాన్ని తవ్వకుండా పైనే పోస్తారు, రోడ్డు పెరుగుతుంది, ఇల్లు పెరగదు.

అందుకని అందరూ మూడడుగులు లేపుతారు. మరి బాపు మోకాళ్లు? మూడడుగులకు ర్యాంప్ వేద్దామంటే, అడుగుకు పన్నెండు అడుగుల లెక్కన 36 అడుగులు కావాలి, మీ దగ్గర అంత ఎక్కడిది. నేనైతే రోడ్డు నుంచి రెండున్నర అడుగులు పెడతాను (నీళ్ల గుర్తుకు అడుగు కలిపితే అంతకంటే పైకి వస్తే మాత్రం ఆ లెక్కే చెల్లుతుంది). అందులో ఒక అడుగు పోర్టికోలోనే, గేటు నుంచి కారు ఎక్కే వాలుగా కలిపేస్తాను. ముందు వదిలే 5 అడుగులు, పోర్టికో లోతు 11, కలిపి 16 అడుగుల్లో అడుగు వాలు కారుకూ మనిషికీ ఇబ్బంది కాదు. మిగిలిన అడుగున్నరకు ఆరంగుళాల మెట్లు మూడు, ఒక్కోటి అడుగు వెడల్పు, పక్కన పట్టుకోవడానికి స్టీలు రాడ్డు. పోర్టికో పక్కన రెండడుగుల వెడల్పుతో ఒక అరుగు కట్టించండి. బాపు పొద్దంతా ఉండేది అక్కడే, పేపర్ చదువుతూ, పోయే వచ్చేవాళ్లను పలకరిస్తూ.

మట్టి సంగతి కూడా చూడండి. గుంత తవ్వినప్పుడు నల్లరేగడి తగిలితే, అది వానకు ఉబ్బి ఎండకు కుంచించుకుపోతుంది, మొరం తగిలేదాకా పోవాలి. రామప్ప గుడి కట్టినవాళ్లే పునాదిలో ఇసుక పోసి మట్టిని నమ్మకుండా జాగ్రత్త పడ్డారు, మనమెంత. పైన వేసే ఉద్దేశం ఉంది కాబట్టి పిల్లర్లు, ఫుటింగులు ఇప్పుడే దానికి తగ్గట్టు స్ట్రక్చరల్ ఇంజినీర్‌తో లెక్క వేయించండి, మేస్త్రీ అందాజా మీద వదలొద్దు.

హాల్. మేడారం రెండేళ్లకోసారి, చుట్టాలు మీ ఇంట్లో ఉండేది ఒకటి రెండు రాత్రులు. ఆ రెండు రాత్రుల కోసం మిగతా ఏడువందల రోజులు ఖాళీ హాల్ ఊడ్చేది ఎవరు? అయినా జాతరకు వచ్చినవాళ్లలో సగం మంది డాబా మీదికే పోతారు, ముచ్చట్లు అక్కడే కదా. 12 బై 18 చాలు. పైన ఒక బాత్రూమ్, ఒక నల్లా ఇప్పుడే పెట్టించండి, చుట్టాలకు కావాల్సింది అది.

ఓపెన్ కిచెన్ మీ బావమరిదిని ఆయన ఇంట్లో పెట్టుకోమనండి. పచ్చిమిర్చి పోపు ఘాటు హాల్లో టీవీ చూసేవాళ్లకు ఎందుకు.

ఇవన్నీ మార్చి గీయించాక, సామాను కూడా అదే స్కేల్‌లో గీయమనండి, మంచం 6 బై 6½, బీరువా రెండడుగుల లోతు. తర్వాత జాగ మీద సున్నంతో గీసి, ఇంట్లో ఆరుగురినీ తీసుకుపోయి నిలబెట్టండి. ఖాళీ జాగలో గదులు అగ్గిపెట్టెల్లా కనిపిస్తాయి, దానికి భయపడొద్దు, గోడలు లేచాక పెద్దవి అవుతాయి. బాపును ‘మీ మంచం ఎటు వేయాలి’ అని అడగండి. మీ భార్య ఏమంటున్నారో కూడా రాయండి. మీరు రాసిన లేఖలో బావమరిది ఉన్నాడు, మేనమామ ఉన్నాడు, ఆమె మాట మాత్రం ఒక్కటీ లేదు.

ప్రశ్న: సార్, ఇంకో నెలలో మా ఇంట్లో వంటగది పని. ప్లాట్‌ఫామ్ ఎత్తు అందరికీ పెట్టినట్టే 34 అంగుళాలు అంటున్నారు మా ఆయన, మేస్త్రీ. నా ఎత్తు 4 అడుగుల 11. ఎక్కువ అనిపిస్తోంది, చెప్తే ‘అలవాటైపోతుందిలే’ అంటున్నారు.
– ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: అలవాటు కాదమ్మా, భుజం నొప్పి వస్తుంది. చెప్పులు వేసుకొని వంట చేస్తారా, లేదా? ఎలా చేస్తే అలాగే నిలబడి, మోచేయి వంచి, నేల నుంచి మోచేతి దాకా కొలవండి. దానికి నాలుగైదు అంగుళాలు కింద ఉండాలి బండ. మీకు 32 దగ్గర వస్తుంది. దాని మీద స్టవ్ ఇంకో నాలుగైదు అంగుళాలు లేస్తుంది, దాని మీద కుక్కర్, అందుకని వీలైతే స్టవ్ పెట్టే భాగం మిగతా బండ కంటే మూడంగుళాలు దించమనండి. సింక్ దగ్గర మాత్రం దించొద్దు, గిన్నెలు తోమేటప్పుడు సింక్ అడుగుకే వంగాలి కదా, అక్కడ 34 ఉన్నా మీకు పర్వాలేదు. మేస్త్రీ కాదంటే, గ్రానైట్ వేయకముందు ఇటుకల మీద ఒక పలక పెట్టి, మీ ఆయన్ను మోకాళ్లు వంచి మీ ఎత్తుకు దిగి ఉల్లిగడ్డలు తరగమనండి.