మార్కులు తగ్గాయని బడికి వెళ్లే ముందు

చిరంజీవి అమ్ములుకు,

పెద్దమ్మ ఆశీస్సులు. నిన్న రాత్రి ఫోన్లో నువ్వు మాట్లాడుతుంటే నేను మధ్యలో ఆపలేదు. చెప్పినా వినే స్థితిలో లేవు. మీ చిన్నికి సోషల్ ఎఫ్‌ఏ-2లో, అదే రెండో ఫార్మేటివ్ అసెస్‌మెంట్‌లో, ఇరవైకి పదకొండే వేశారని, ఆ టీచర్ దగ్గర ట్యూషన్‌కి వెళ్లే పిల్లలకి పదిహేడు, పద్దెనిమిది వచ్చాయని, పాప అన్నం తినకుండా పడుకుందని చెప్పావు. పొద్దున్నే ప్రిన్సిపల్ దగ్గరికి వెళ్లి తేల్చుకుంటానని అల్లుడుగారు అంటున్నారని కూడా అన్నావు. ఫోన్లో చెబితే సగం మర్చిపోతావని రాసి పంపుతున్నాను. ఇద్దరూ కూర్చుని చదవండి. శనివారం దాకా ఎవరూ బడికి వెళ్లొద్దు.

ముప్పై నాలుగేళ్లు జిల్లా పరిషత్ హైస్కూళ్లలో లెక్కలు చెప్పాను. చివరి ఆరేళ్లు హెచ్‌ఎంగా చేశాను. మార్కుల్లో అన్యాయం జరగదని నేను చెప్పను. జరుగుతుంది. నా చేత్తోనే జరిగింది.

ఉద్యోగంలో చేరిన నాలుగో ఏడు అది. అర్ధ సంవత్సర పరీక్షలు. రెండు సెక్షన్లవి నూట పది పేపర్లు, మూడు రోజుల్లో దిద్ది రిజిస్టర్లో ఎక్కించాలి. తొమ్మిదో తరగతి పిల్లాడొకడికి ముప్పై ఎనిమిది వేశాను. వారం తర్వాత వాళ్ల నాన్న వచ్చాడు. గ్రానైట్ క్వారీలో పని చేసేవాడు, చదువు రాదు. పేపరు మడిచి చొక్కా జేబులో పెట్టుకొచ్చాడు. స్టాఫ్ రూమ్ గుమ్మం దగ్గరే నిలబడి, "మేడమ్, ఈ లెక్క ఎక్కడ తప్పిందో మావాడికి ఒక్కసారి చెప్పండి. రాత్రంతా చేస్తనే ఉన్నడు, వాడికి తెలుస్తలేదు" అన్నాడు. మార్కుల మాటే ఎత్తలేదు.

పేపరు తీసుకుని చూశాను. లెక్క తప్పలేదు. నేను బోర్డు మీద చెప్పిన పద్ధతిలో కాకుండా వాడు ఇంకో దారిలో చేశాడు. మధ్యలో రెండు కొట్టివేతలున్నాయి. మొదటి లైన్లు చూసి నేను ఇంటూ పెట్టేశాను. తిరగేస్తే వెనక పేజీలో ఇంకో లెక్క ఉంది, దాన్ని అసలు చూడనే లేదు. మొత్తం పన్నెండు మార్కులు పెరిగాయి. మర్నాడు క్లాసులో అందరి ముందు తప్పు నాదని పిల్లాడికి చెప్పాను.

ఆ తండ్రి "మావాడికి ఎందుకు తగ్గించావు" అంటూ వచ్చి ఉంటే ఏమయ్యేదో నాకు తెలుసు. పక్కన మిగతా టీచర్లు చూస్తున్నారు. చేతిరాత చూపించి, కొట్టివేతలు చూపించి, నేను వేసిందే సరైనదని వాదించేదాన్ని. ఆయన నా తప్పు నేనే చూసుకునే అవకాశం ఇచ్చాడు. తర్వాత ఎంతమంది తల్లిదండ్రులు వచ్చినా ఆ మనిషే నాకు గుర్తొచ్చేవాడు.

ఇక మన చిన్ని సంగతి. పదకొండు అన్నావు, ఏది పదకొండు? ఎఫ్‌ఏ అంటే ఒక్క పరీక్ష కాదమ్మా. మన తెలంగాణ స్టేట్ సిలబస్‌లో హైస్కూల్ పిల్లలకి ఆ ఇరవై మార్కులు నాలుగు ఐదులుగా ఉంటాయి. క్లాసులో పాల్గొనడం, చదివినదాని మీద స్పందించి రాయడం ఒకటి. నోట్సులో రాత పని ఒకటి. ప్రాజెక్టు ఒకటి. స్లిప్ టెస్టు, అంటే చిన్న రాత పరీక్ష, ఒకటి. పోయిన తొమ్మిది మార్కులు వీటిలో ఎక్కడ పోయాయో నీకు తెలియదు, చిన్నికీ తెలియకపోవచ్చు. స్లిప్ టెస్టులో పోతే పేపరుంది, చూడొచ్చు. నోట్సులో పోతే నోట్సు ఇంట్లోనే ఉంది, ఏ పాఠం రాయలేదో నువ్వే చూసుకోవచ్చు. క్లాసులో పాల్గొనడంలో పోతే మాత్రం కాగితం ఏదీ ఉండదు, టీచర్ అభిప్రాయమే మార్కు. పక్షపాతం ఉంటే ఎక్కువగా అక్కడే దాక్కుంటుంది. నోరు విప్పని పిల్లలకి అన్యాయం జరిగేదీ అక్కడే. మన చిన్ని మాటకారి కాదు కదా. ముందు ఆ నాలుగు అంకెలు విడివిడిగా తెలుసుకో.

తర్వాత పేపరు. చిన్నిని పక్కన కూర్చోబెట్టుకుని, పెన్సిల్‌తో, ఇద్దరూ కలిసి చూడండి. "ఎవరికెంత వచ్చాయి" అన్న ప్రశ్న ఆ పూట ఇంట్లో వినిపించకూడదు. మార్కులన్నీ కూడండి. టోటలింగ్ తప్పులు మనం అనుకునే దానికంటే ఎక్కువ. రైటూ ఇంటూ ఏదీ లేని జవాబు ఉందేమో చూడండి. ఆ తర్వాత ప్రశ్నను మళ్లీ చదవండి. "కారణాలు రాయండి" అంటే పిల్లలు ఆ పాఠంలో తెలిసిందంతా రాసేస్తారు, కారణాలు మాత్రం ఒకటో రెండో ఉంటాయి. పేజీ నిండింది కాబట్టి మార్కులు రావాలని తల్లికి అనిపిస్తుంది. మ్యాప్‌లో నది పేరు రాసి, నది గీత ఇంకోచోట గీస్తే మార్కు రాదు. ఇలా చూస్తే సగం అనుమానాలు ఇంట్లోనే తీరిపోతాయి. తీరనివే అసలు బడికి తీసుకెళ్లాల్సినవి.

దిద్దేవాళ్ల సంగతి కూడా కొంచెం చెప్పాలి. తెలివైన పిల్లాడి పేపరు తర్వాత మామూలు పేపరు వస్తే చేయి దానికదే తగ్గించి వేస్తుంది. రాత్రి పదకొండింటికి దిద్దిన కట్ట, పొద్దున్నే దిద్దిన కట్ట ఒకలా ఉండవు. ఫస్ట్ వచ్చే అమ్మాయి పేరు కనిపిస్తే, ఆమె సగం రాసిన జవాబును కూడా మన మనసే పూర్తి చేసేస్తుంది. నాకిది తెలిశాక, పేర్లున్న మొదటి పేజీని వెనక్కి మడిచి దిద్దడం మొదలుపెట్టాను. ఒకరి పేపరు మొత్తం కాకుండా, అందరివీ మొదటి ప్రశ్న, తర్వాత అందరివీ రెండో ప్రశ్న, ఇలా దిద్దేదాన్ని. అలా దిద్దినప్పుడు నేను వెనకబడ్డవాళ్లనుకున్న ఇద్దరు ముగ్గురు పైకి వచ్చారు. నాకు సిగ్గనిపించింది. నా మనసులో చెడు లేదు, కానీ అన్యాయం మాత్రం జరిగిపోతూ వచ్చింది. అందుకే టీచర్ ఒకసారి తక్కువ వేసిందంటే పగబట్టిందని అనుకోకు. అలాగని సర్దుకుపొమ్మనీ కాదు.

పక్షపాతం అనాలంటే ఒక్క పదకొండు చాలదు. ఎఫ్‌ఏ-1 పేపరు, యూనిట్ టెస్టులు, నోట్సు, ప్రాజెక్టు, అన్నీ ఒకచోట పెట్టు. తేదీ వేసి ఒక కాగితం మీద రాసుకో. రాసిన జవాబుకీ పడిన మార్కుకీ పొంతన లేకపోవడం మూడు నాలుగు చోట్ల కనిపిస్తే అప్పుడు అనుమానానికి ఆధారం ఉన్నట్టు. ట్యూషన్ పిల్లల మార్కులు నీ చేతిలో ఆధారం కాదు. వాళ్ల పేపర్లు నువ్వు చూడలేదు. పక్కింటి పాప పేపరు అడిగి తీసుకెళ్లి "దీనికి ఎలా వేశారు, మా దానికి ఎలా వేశారు" అని పక్కపక్కన పెట్టి చూపించకు. ఆ పాప ఏం తప్పు చేసింది? రేపు ఆ పాప మార్కులు తగ్గితే చిన్ని ఆమె ముఖం ఎలా చూస్తుంది?

ట్యూషన్ గురించి నీకో సంగతి తెలియాలి. 2009 విద్యా హక్కు చట్టం 28వ సెక్షన్ ప్రకారం టీచర్లు ప్రైవేటు ట్యూషన్లు చెప్పకూడదు. జరుగుతున్నాయని మనందరికీ తెలుసు, పిల్లల్ని పంపుతున్నదీ మనమే. అది పెద్ద విషయం, తల్లిదండ్రులు నలుగురూ కలిసి యాజమాన్యాన్ని వేరుగా అడగాల్సింది. చిన్ని పదకొండుతో దాన్ని ముడిపెడితే, టీచర్ తన ఉద్యోగం కాపాడుకోవడానికి మాట్లాడుతుంది గానీ చిన్ని పేపరు గురించి మాట్లాడదు.

శనివారం ఎలా వెళ్లాలంటే, ముందు డైరీలో రాయి. "సోషల్ పేపరు గురించి పది నిమిషాలు మాట్లాడాలి, మీకు వీలైన సమయం చెప్పండి" అని. సాయంత్రం గేటు దగ్గర ఆపి అడగకు. పేరెంట్స్ మీటింగ్‌లో పదిమంది క్యూలో ఉండగా అడగకు. నువ్వే వెళ్లు, అల్లుడుగారిని తర్వాత విడత కోసం ఉంచు. ఆయన మంచివారే, కానీ ఆయన గొంతు మామూలుగా మాట్లాడినా గద్దించినట్టు ఉంటుంది. వెళ్లాక రెండు ప్రశ్నలు చాలు. "ఈ జవాబులో ఇంకేం ఉంటే పూర్తి మార్కులు వచ్చేవి మేడమ్?" ఇది మొదటిది. టీచర్ దగ్గర కారణం ఉంటే చెబుతుంది, నీకూ చిన్నికీ పనికొస్తుంది. కారణం లేకపోతే ఆమె పేపరు మళ్లీ చూస్తుంది, లేదా మాట దాటేస్తుంది. ఏది జరిగినా నీకు తెలిసిపోతుంది. రెండోది, "క్లాసులో పాల్గొనడానికి మార్కులు ఏం చూసి వేస్తారు?" నిదానంగా అడుగు. చిన్ని మాట్లాడదు కాబట్టి ఏం చేస్తే బాగుంటుందో ఆమెనే చెప్పమను.

దీనికి మొహమాటం అక్కర్లేదు. పిల్లల చదువు ఎలా సాగుతోందో తల్లిదండ్రులతో క్రమం తప్పకుండా సమావేశమై చెప్పడం టీచర్ బాధ్యత అని అదే చట్టం 24వ సెక్షన్ చెబుతోంది. నువ్వు దయ అడగడం లేదు.

నిన్న పేరెంట్స్ వాట్సాప్ గ్రూపులో ఏదో పెట్టి తీసేశానన్నావు. తీసేసినా చూసినవాళ్లు చూసే ఉంటారు. ఇంకెప్పుడూ ఆ పని చేయకు. నేను హెచ్‌ఎంగా ఉన్నప్పుడు ఒక తండ్రి నేరుగా క్లాసులోకి వచ్చి టీచర్ మీద అరిచాడు. ఆయన చెప్పినదాంట్లో నిజం ఉంది, మార్కులు సరిచేయించాను. కానీ ఆ తర్వాత టీచర్లందరూ ఆ పిల్లను ప్రశ్న అడగడం మానేశారు. తప్పు రాసినా చెప్పేవాళ్లు కాదు, ఎందుకొచ్చిన గొడవ అని. నేను ఒక్కొక్కరితో మాట్లాడినా ఆ ఏడాదంతా బడిలో ఆ పిల్ల ఒంటరిదే అయిపోయింది.

టీచర్‌తో తేలకపోతే క్లాస్ టీచర్, ఆ తర్వాత ప్రిన్సిపల్. అక్కడ మాత్రం రాసి ఇవ్వు. అర పేజీ చాలు. ఏ పరీక్ష, ఏ ప్రశ్న, ఏం రాసింది, ఎంత వేశారు, టీచర్‌ని ఏ తేదీన కలిశావు, ఆమె ఏం చెప్పింది. "ఈ పేపరును ఇంకో సోషల్ టీచర్‌తో చూపించండి" అని అడుగు. అందిందని సంతకం చేయించుకున్న కాపీ నీ దగ్గర ఉంచుకో. టీచర్‌ని తీసేయమనే మాట అందులో ఉండకూడదు.

ఒక్క విషయంలో మాత్రం ఈ నిదానం వద్దు. మార్కులతో పాటు పాపను అందరి ముందు అవమానించడం, కులం పేరో, రంగో, ఇంటి పరిస్థితో ఎత్తడం, ట్యూషన్‌కి రాకపోతే మార్కులు రావని బెదిరించడం జరిగితే అదే రోజు రాసి ప్రిన్సిపల్‌కి ఇవ్వండి, అల్లుడుగారు కూడా వెళ్లాలి. పిల్లల్ని మానసికంగా వేధించడం ఆ చట్టం 17వ సెక్షన్ కింద నిషేధం. బడి పట్టించుకోకపోతే మండల విద్యాధికారి (ఎంఈఓ), జిల్లా విద్యాధికారి (డీఈఓ) ఉన్నారు. చిన్నిని ఇది మెల్లగా, వేరే మాటల్లో పెట్టి అడుగు. "మేడమ్‌కి నేనంటే ఇష్టం లేదు" అన్నదంటే ఊరికే అనలేదు. దేన్ని చూసి అలా అనిపించిందో కనుక్కో.

ఇంకో రెండేళ్లకి పదో తరగతి, ఆ తర్వాత ఇంటర్. అక్కడ దిద్దేది ఎవరో తెలియదు, మాట్లాడటానికి టీచర్ ఉండదు. రీకౌంటింగ్ అంటే మార్కులు మళ్లీ కూడటం మాత్రమే, రీవెరిఫికేషన్‌లో దిద్దకుండా వదిలేసిన జవాబులు ఉన్నాయేమో కూడా చూస్తారు, పేపరు కాపీ ఇస్తారు. ఈ తేడా తెలియక చాలామంది రీకౌంటింగ్‌కి డబ్బు కట్టి ఏమీ మారలేదని బాధపడతారు. గడువు కొద్ది రోజులే ఉంటుంది. దిద్దిన జవాబు పత్రం చూసుకునే హక్కు విద్యార్థికి ఉందని, అది సమాచార హక్కు చట్టం కిందికి వస్తుందని 2011 ఆగస్టులో సుప్రీంకోర్టు చెప్పింది. 2019 ఏప్రిల్‌లో మన ఇంటర్ ఫలితాలు గుర్తున్నాయి కదా. తెలుగులో సున్నా వచ్చిన అమ్మాయికి మళ్లీ చూస్తే తొంభై తొమ్మిది వచ్చాయి. ఆ రోజుల్లో ఫలితాలు చూసుకుని ఎంతోమంది పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. వాళ్లెవరికీ మళ్లీ దిద్దించుకునేదాకా ఆగే ఓపిక మిగల్లేదు. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ నిద్ర పట్టదు. అందుకే చిన్నికి ఈ వయసులోనే తెలియాలి, కాగితం మీద పడిన అంకెను మళ్లీ చూడమని అడగొచ్చని. అడగడానికి ఏడవాల్సిన పని లేదని, అరవాల్సిన పని లేదని. ఎప్పుడైనా పాప మనసు మరీ కుంగినట్టు అనిపిస్తే మానసిక సహాయానికి ప్రభుత్వం పెట్టిన టెలిమానస్ ఫోన్ నంబర్ 14416 ఉంది, ఏ టైములోనైనా పలుకుతారు.

నిజానికి శనివారం నీకంటే ముందు చిన్నే వెళ్లి అడగగలిగితే ఇంకా మంచిది. ఎనిమిదో తరగతి చిన్న వయసేం కాదు. "మేడమ్, నా నాలుగో జవాబులో ఏం తక్కువైంది?" ఈ ఒక్క వాక్యం ఇంట్లో నాలుగుసార్లు అనిపించు. భయపడితే బలవంతం చేయకు, నీతో పాటు రమ్మను, పక్కన నిలబడి వినమను.

టీచర్ మార్కులు పెంచకపోయినా, కారణం సరిగ్గా చెబితే ఒప్పుకుని వచ్చేయండి. ఎనిమిదో తరగతి ఎఫ్‌ఏ-2 మార్కులు ముందు ముందు ఎవరూ అడగరు. ఆ పాఠం వచ్చిందా లేదా అన్నదే చూసుకోండి.

ఇప్పుడు నాకో పని చేసిపెట్టు. స్లిప్ టెస్టు పేపరును ఫొటోలు తీసి పంపు. మార్కులు పడిన చోట చిన్న కాగితం ముక్క పెట్టి కప్పేసి తియ్యి. ప్రశ్నపత్రం కూడా పంపు. సోషల్ నా సబ్జెక్టు కాదు కాబట్టి మా బడిలో సోషల్ చెప్పి రిటైరైన టీచర్‌ని కూర్చోబెట్టుకుని, పిల్ల ఎవరో చెప్పకుండా దిద్దిస్తాను. ఆమె చాలా గట్టి మనిషి, నా మనవరాలని తెలిసినా ఒక్క మార్కు ఎక్కువ వేయదు. శుక్రవారం సాయంత్రానికి ఎంత వచ్చాయో, ఎందుకొచ్చాయో రాసి పంపుతాను. దాన్ని బట్టి శనివారం ఏం అడగాలో చూద్దాం.

చిన్నికి ముద్దులు. అన్నం తిందో లేదో రాత్రికి ఫోన్ చేసి చెప్పు.

ఇట్లు,
మీ పెద్దమ్మ
ఖమ్మం