ఇంట్లో ఎలక్ట్రిక్ స్కేట్‌బోర్డ్ చేసుకోవచ్చు, ముందు బ్రేకు సంగతి చూసుకోండి

"ఇంట్లోనే ఎలక్ట్రిక్ స్కేట్‌బోర్డ్ తయారు చేసుకుంటే ఎంతవుతుంది? ఎంత స్పీడు వస్తుంది?" అని కదా ప్రశ్న. నాకు సుమారు నలభై వేలయింది, నాలుగు నెలలు పట్టింది. వీడియోల్లో శని, ఆదివారాల్లోనే అయిపోతుంది. వాళ్ల ఇళ్లలో డైనింగ్ టేబుల్ మీద సోల్డరింగ్ ఐరన్ పెడితే అరిచే అమ్మలు ఉండరనుకుంటా.

స్పీడంటారా, 190 కేవీ మోటారు (అంటే ఒక్కో వోల్టుకి నిమిషానికి 190 చుట్లు), 36 వోల్టుల బ్యాటరీ, 15కి 36 పళ్ల పుల్లీలు, 90 మి.మీ. చక్రాలు. కాగితం మీద గంటకు 48 కిలోమీటర్లు. నేను 30 దాటలేదు, దాటే ధైర్యమూ లేదు. అందరూ స్పీడే అడుగుతారు. ఎలా ఆగుతుందని ఇంతవరకూ ఒక్కరూ అడగలేదు.

మాది విశాఖ. బోర్డు పూర్తయిన రాత్రి ఫుల్ చార్జింగ్ పెట్టేసి, తెల్లవారి ఐదున్నరకి పాండురంగాపురం డౌన్ పైన నిలబడ్డాను. ఆ వేళలో బీచ్ రోడ్డు మీద బండ్లు తిరగనివ్వరు, హాయిగా సబ్‌మెరైన్ మ్యూజియం దాకా పోవచ్చని ప్లాను. నాదీ బండే అన్న సంగతి తట్టలేదు.

ఈ బోర్డుకి విడిగా బ్రేకు ఉండదు. రిమోట్ వెనక్కి లాగితే మోటారే డైనమోలా మారి కరెంటును తిరిగి బ్యాటరీలోకి తోస్తుంది. ఆ పట్టుకే బోర్డు నెమ్మదిస్తుంది. నా బ్యాటరీ చూస్తే పదేసి సెల్లుల వరసలు మూడు, 42 వోల్టుల దాకా నిండిపోయి ఉంది. నిండిన బిందెలోకి ఇంకా పోస్తే ఏమవుతుంది? సగం దిగేసరికి బీఎంఎస్, అంటే బ్యాటరీని కాపాడే సర్క్యూట్, ఓవర్ చార్జ్ అనుకుని టక్కున కట్ చేసింది. రిమోట్ ఎంత లాగినా ఉలుకూ పలుకూ లేదు. బోర్డు మాత్రం వేగం పుంజుకుంటోంది, ఎదురుగా సముద్రం.

పక్కకి దూకేశాను. నాలుగడుగులు పరిగెత్తాను, ఐదో అడుగుకి పడ్డాను. మోచెయ్యి, మోకాలు గీరుకుపోయాయి. హెల్మెట్ ఉంది కాబట్టి ఇది రాస్తున్నాను. బోర్డు నన్ను దాటి వెళ్లి ఫుట్‌పాత్ అంచుకి కొట్టుకుని ఆగింది. వాకింగ్‌కి వచ్చిన ఒక పెద్దాయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఏటి బాబూ, బ్రేకుల్లేవేటి దీనికి?" అన్నారు. బ్రేకు వేసినందుకే పడ్డానని ఆయనకెలా చెప్పను!

మోటారుని నడిపే కంట్రోలర్ కూడా కాలిపోయింది. బ్యాటరీ దారి ఒక్కసారిగా మూసుకుపోతే మోటారు తోసే వోల్టేజీ అంతా దాని మీదే పడుతుంది. అది వెస్క్ అనే కంట్రోలర్‌కి నకలు. స్వీడన్ ఇంజనీరు బెంజమిన్ వెడ్డర్ ఆ డిజైన్ ఓపెన్ సోర్సుగా వదిలేశాడు కాబట్టే మనలాంటివాళ్లకి ఇలాంటి పిచ్చి పనులు వీలవుతున్నాయి. బ్యాటరీలోకి తిరిగి వెళ్లే కరెంటుకి హద్దు పెట్టే సెట్టింగ్ ఆ సాఫ్ట్‌వేర్‌లోనే ఉంది. నేను చదవకుండా నెక్స్ట్, నెక్స్ట్ కొట్టుకుంటూ పోయాను.

ఇప్పుడు బీఎంఎస్‌ని చార్జింగ్‌కి మాత్రమే వాడుతున్నాను. మోటారు వైపు లైను ఫ్యూజు మీదుగా నేరుగా వెళ్తుంది. బ్యాటరీ మరీ దిగిపోకుండా కంట్రోలర్ చూసుకుంటుంది. ఒక్కో సెల్లు 4.2 వోల్టుల దాకా నింపను, 4.1 దగ్గర ఆపేస్తాను. మీ ఇల్లు గుట్ట మీదుంటే ఇంకా తగ్గించండి.

సెల్లుల మాట వచ్చింది కాబట్టి, ఆన్‌లైన్‌లో 9900 ఎంఏహెచ్ అని రాసి ఉన్న 18650 సైజు లిథియం సెల్లులు కొనకండి. ఆ సైజులో పేరున్న కంపెనీల సెల్లులే 3500 దాటడం అరుదు. నేను మొదట తెప్పించిన ముప్పైలో చాలావరకు వెయ్యి కూడా చూపించలేదు. రిఫండ్ అడిగితే వీడియో పంపమన్నారు, పంపితే ఇంకో వీడియో అన్నారు. సెల్లు మీద నేరుగా సోల్డరింగ్ కూడా వద్దు, వేడికి పాడైపోతుంది. స్పాట్ వెల్డింగ్ చేయించుకోండి.

మోటారుని బోర్డుకి బిగించే మౌంటు మాత్రం ఆటోనగర్ లేత్ షాపులో అల్యూమినియంతో చేయించాను. కాగితం మీద గీసిచ్చిన బొమ్మ చూసి ఆయన, "ఇలా అయితే బెల్టు బిగించడానికి చోటేదీ?" అని రంధ్రాలని పొడుగు గాడులుగా మార్చేశాడు. నేను చూసిన వీడియోల్లో ఒక్కడూ ఆ ముక్క చెప్పలేదు.

ఇంకోటి, మన రూల్స్‌లో రిజిస్ట్రేషన్ మినహాయింపు 250 వాట్ల లోపు, గంటకు 25 కిలోమీటర్ల లోపు బండ్లకే. ఈ మోటారు రెండు వేల వాట్లు లాగుతుంది. అందుకే నాది ఇప్పుడు అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోనే తిరుగుతోంది, అదీ వాచ్‌మెన్ లేనప్పుడు.