65535ని ఎందుకు చెరిపేశావు?

చిత్తూరు
ఆదివారం రాత్రి

బాబూ,

నువ్వు పంపిన వ్యాసం, దాని వెనక తోకలా కట్టిన ప్యాచ్ (కోడ్‌లో నువ్వు చేసిన మార్పు), రెండూ అందాయి. వ్యాసం పొద్దున కాఫీ తాగుతూ చదివాను. ప్యాచ్ సాయంత్రం చదివాను. అదీ పొద్దునే చదివి ఉంటే కాఫీ చేదెక్కేది.

వ్యాసం బాగుంది. లైనక్స్‌కు నడిబొడ్డైన కెర్నెల్‌లో నెట్‌వర్కింగ్ గురించి తెలుగులో ఎనిమిది పేజీలు రాసే కుర్రాడు తిరుపతిలో ఉన్నాడంటే నాకు సంతోషమే. పొగడ్త ఇంతటితో సరి.

ఇక ప్యాచ్. శాక్ వచ్చినప్పుడు, అంటే ఏ ముక్కలు అందాయో అవతలివాడు చెప్పినప్పుడు, పక్కపక్కనున్న ఎస్‌కేబీలను ఒకటిగా కలిపే చోట రెండు షరతులు లేపేశావు. రెండింటిలోనూ 65535 అనే అంకె ఉంది. అది అక్కడ ఎందుకుందో చెప్పే వ్యాఖ్య కూడా పైనే ఉంది. దాన్నీ కలిపి తుడిచేశావు. మార్పుకు కారణం చెప్పాల్సిన కామిట్ మెసేజ్‌లో ఏం రాశావు? "అనవసర తనిఖీలు తొలగించి పనితీరు మెరుగుపరచడమైనది." వ్యాసంలో ఇంకో అడుగు ముందుకేసి, ఆ కోడ్ రాసినవాళ్ళు అతిజాగ్రత్తపరులన్నావు. అక్కడ నాకు ఒళ్ళు మండింది. లేకపోతే "చదివాను, ఆశీస్సులు" అని ఫోన్‌లో ఒక మెసేజ్ పెట్టి ఊరుకునేవాణ్ణి.

ఆ అతిజాగ్రత్త ఎలా వచ్చిందో విను. ఎస్‌కేబీ అంటే ప్యాకెట్‌ను కెర్నెల్ మోసుకు తిరిగే సంచి అని నువ్వే రాశావు. ఆ సంచిలో 17 అరలు, ఒక్కో అరలో 32 కిలోబైట్లు పట్టవచ్చు. సంచిలో ఎన్ని సెగ్మెంట్లు, అంటే డేటా ముక్కలు, ఉన్నాయో లెక్కపెట్టే గడి మాత్రం 16 బిట్లదే, 65535 దాటితే మళ్ళీ మొదటికొస్తుంది. మామూలుగా సెగ్మెంట్ పెద్దదిగా ఉంటుంది కాబట్టి లెక్క అక్కడిదాకా పోదు. కానీ అవతలివాడు కావాలని "నాకు చిన్న చిన్న ముక్కలే పంపు" అని ఎంఎస్ఎస్‌ను, అంటే సెగ్మెంట్ గరిష్ఠ పరిమాణాన్ని, కిందికి లాగితే సెగ్మెంట్‌కు 8 బైట్ల డేటాయే మిగులుతుంది. ఇప్పుడు గుణించు. 17 ఇంటు 32768, భాగించు 8. వచ్చేది 69632. గడి పొంగింది, కెర్నెల్ ప్యానిక్, మెషీన్ పడిపోయింది. ఎక్కడో కూర్చున్నవాడు లాగిన్ కూడా అవకుండా నీ సర్వర్‌ను పడగొట్టగలడు. 2019 జూన్‌లో నెట్‌ఫ్లిక్స్‌లో పనిచేసే జొనాథన్ లూనీ దీన్ని బయటపెట్టేదాకా, కెర్నెల్ 2.6.29 వెర్షన్ నుంచీ, అంటే పదేళ్ళపాటు, ఆ గుంట ప్రపంచంలో ఉన్న లైనక్స్ మెషీన్లన్నిటిలోనూ నోరు తెరుచుకునే ఉంది. దాన్ని పూడ్చడానికి పెట్టిన రెండు రాళ్ళను నువ్వు అడ్డంగా ఉన్నాయని తీసి పక్కన పారేశావు.

నేను ముప్పై ఏళ్ళుగా చెప్పేది ఒకటే, మా ఇంట్లోవాళ్ళకు కూడా విసుగొచ్చేసింది. కోడ్‌లో "ఏమిటి" కనపడుతుంది, "ఎలా" కనపడుతుంది, "ఎందుకు" కనపడదు. అది మనిషి రాస్తేనే ఉంటుంది. కెర్నెల్‌లో నెట్‌వర్కింగ్ భాగాన్ని నిలబెట్టేది సి భాష కాదు, కామిట్ మెసేజ్. రాయడం వచ్చినవాడికే ఆ పని వస్తుందని నా మొండి నమ్మకం. ఒక లైను ముట్టుకునే ముందు గిట్ బ్లేమ్ (ఏ లైను ఎవరు ఎప్పుడు మార్చారో చూపే ఆదేశం) వేసి, అది ఏ కామిట్‌లో వచ్చిందో తీసి, ఆ మెసేజ్ మొత్తం చదవాలి. నువ్వు ఆ పని చేసి ఉంటే పది నిమిషాల్లో ఈ కథంతా నీకే తెలిసేది, నాకు ఈ రాత్రి నిద్ర మిగిలేది.

నేను మాత్రం శుద్ధుణ్ణా? కాదు. 2014లో బెంగళూరులో ఒక సంస్థకు పనిచేసేవాణ్ణి. పరీక్షల ఫలితాలు చూపించే సర్వర్ మా చేతిలో ఉండేది. పని ముగిసినా కాసేపు టైమ్ వెయిట్‌లో ఉండే సాకెట్లు (కనెక్షన్ల కొసలు) వేలకు వేలు పేరుకుపోతున్నాయని మా మేనేజరుకు ఒకటే టెన్షన్. ఎవరో ఎక్కడో రాసిన చిట్కా చూసి టీసీపీ టీడబ్ల్యూ రీసైకిల్ అనే మీట నొక్కాను. సాకెట్లు మాయం. మేనేజరు భుజం తట్టాడు. మూడు రోజులకు తిరుపతిలోని ఒక ఆడపిల్లల హాస్టల్ నుంచి ఫిర్యాదు. ఒకే గదిలో, ఒకే వైఫైలో, ఈ మంచం మీద అమ్మాయికి పేజీ తెరుచుకుంటుంది, పక్క మంచం మీద అమ్మాయికి తెరుచుకోదు. అర్ధరాత్రి అందరూ పడుకున్నాక ఆమెకూ తెరుచుకుంటుంది. ఫోన్ ఒకసారి ఆపి ఆన్ చేయమని పెద్ద నిపుణుడిలా సలహా ఇచ్చాను. చేశాక ఇంకా అధ్వాన్నం.

పన్నెండు రోజులు తిరిగాను. హాస్టల్ రౌటర్‌ను తిట్టాను, కేబుల్ మార్పించాను, బస్సెక్కి వచ్చి ఆ మెట్ల మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్నాను. వార్డెన్ నన్ను దొంగను చూసినట్టు చూసింది. చివరికి సర్వర్ వైపు, ప్యాకెట్లను చూపించే టీసీపీడంప్ పెడితే కనపడింది. కనెక్షన్ అడిగే సిన్ వస్తోంది, జవాబు పోవడం లేదు. నెట్‌స్టాట్ లెక్కల్లో, టైమ్‌స్టాంప్ కారణంగా తిరస్కరించిన కనెక్షన్ల అంకె గిర్రున పెరుగుతోంది. సంగతేమంటే, ఆ మీట నొక్కాక సర్వర్ ఒక్కో చిరునామాకూ చివరగా చూసిన టైమ్‌స్టాంప్ గుర్తుపెట్టుకుంటుంది. అంతకంటే పాతది వస్తే, ఇదేదో దారితప్పి ఆలస్యంగా వచ్చిన ప్యాకెట్టని నోరు మెదపకుండా పారేస్తుంది. హాస్టల్‌లో అరవై ఫోన్లు, బయటికి అన్నిటిదీ ఒకే చిరునామా. ప్రతి ఫోన్‌కూ దాని గడియారం దానిదే. ఆపి ఆన్ చేసిన ఫోన్ గడియారం ఇంకా వెనక్కి పోతుంది. అంటే నా సలహా విన్న పిల్లలే ఎక్కువ నష్టపోయారు. ఆ సంగతి వాళ్ళకు చెప్పే ధైర్యం నాకు రాలేదు, మీట వెనక్కి తిప్పి మళ్ళీ బస్సెక్కేశాను.

ఆ మీటను 2017లో 4.12 నుంచి కెర్నెల్‌లోంచే తీసేశారు. తీసేయడం కూడా పనే బాబూ. అంతకుముందు 2012లో, 3.6లో, అప్పటి నెట్‌వర్కింగ్ మెయింటెయినర్ డేవిడ్ మిల్లర్ రూటింగ్ కాష్ (ఒకసారి వెతికిన దారులను గుర్తుపెట్టుకునే చోటు) మొత్తాన్ని పీకేశాడు. వేగం కోసమే పెట్టిన కాష్ అది. కానీ ఎవడైనా రకరకాల చిరునామాలతో ప్యాకెట్లు కుమ్మరిస్తే ఆ కాష్ నిండిపోయి అదే గుదిబండ అయ్యేది. ముందు అసలు వెతుకులాటను వేగంగా చేసి, ఆ తర్వాతే కాష్‌ను తీశారు. నువ్వూ తీశావు, ఆయనా తీశాడు. తేడా ఎక్కడుందో కూర్చుని ఆలోచించు.

నీ వైకుంఠం క్యూ కాంప్లెక్స్ ఉపమానం గురించి చెప్పాలి. ప్యాకెట్‌ను భక్తుడన్నావు, బాగుంది. "కంపార్ట్‌మెంట్లు పెంచినట్టు ట్రాన్స్‌మిట్ క్యూను 1000 నుంచి 10000 చేస్తే నెట్ వేగం పెరుగుతుంది" అన్నావు. తిరుపతిలో పుట్టి ఈ మాట ఎలా అనగలిగావు? కంపార్ట్‌మెంట్లు పెంచితే లోపల కూర్చునేవాళ్ళు పెరుగుతారు, దర్శనం త్వరగా అవుతుందా? పేపర్లో రోజూ చిన్న వార్త వస్తుంది, 31 కంపార్ట్‌మెంట్లు నిండాయి, సర్వదర్శనానికి ఇన్ని గంటలు అని. మా అమ్మ కంపార్ట్‌మెంట్ల అంకె ఎప్పుడూ వినలేదు, "ఎన్ని గంటలంటరా" అనే అడిగేది. 2012లో కాథ్లీన్ నికోల్స్, వాన్ జాకబ్సన్ కోడెల్ అనే క్యూ పద్ధతిలో పట్టుకున్నది మా అమ్మ ప్రశ్ననే. క్యూ ఎంత పొడవుందని చూడరు, ప్యాకెట్ ఎంతసేపు నిలబడిందో చూస్తారు. ఆ నిరీక్షణ 5 మిల్లీసెకన్లకు తగ్గకుండా 100 మిల్లీసెకన్లు సాగితే ప్యాకెట్లు వదిలేయడం మొదలుపెడతారు, పంపేవాడు అది చూసి తగ్గుతాడు. నీ 10000 లెక్క నేను వేశాను. 1500 బైట్ల ప్యాకెట్లైతే 15 మెగాబైట్లు. మీ ఇంటి నుంచి బయటికిపోయే లైను సెకనుకు 10 మెగాబిట్లనుకుంటే, చివరి ప్యాకెట్ వంతు రావడానికి 12 సెకన్లు. ఆ లైను మీద మీ అత్తకు వీడియో కాల్ చేసి చూడు.

నీ ఉపమానాన్ని ఇంకా లాగాలనుంటే టైమ్ స్లాట్ టోకెన్ దగ్గరికి పో. కింద ఉండగానే "నీ టైం ఇది, అప్పుడు రా" అని చెప్పడం. టీసీపీ స్మాల్ క్యూస్ చేసేది ఇంచుమించు అదే, ఒక్కో సాకెట్ కింది క్యూలో కొంతకంటే ఎక్కువ పేర్చకుండా పైనే ఆపుతుంది. ఒక్కటి గుర్తుంచుకో, భక్తుణ్ణి లైన్లోంచి తోసేయలేం, ప్యాకెట్‌ను తోసేయొచ్చు. ఉపమానం అక్కడ తెగుతుంది, తెగిందని పాఠకుడికి చెప్పాలి.

వేగం రెండు శాతం పెరిగిందన్నావు. లూప్‌బ్యాక్ మీద (మెషీన్ తనకు తానే పంపుకుంటూ), వర్చువల్ మెషీన్‌లో, ఒక్కసారి కొలిచావు. వంటింట్లోంచి హాల్లోకి నడిచి అలిపిరి మెట్లన్నీ ఎక్కానన్నట్టుంది. 10 గిగాబిట్ లైను మీద అతి చిన్న ఫ్రేములు వస్తే సెకనుకు కోటీ 48 లక్షల పైచిలుకు. ఒక్కోదానికి నీకు దొరికేది 67 నానోసెకన్లు. ప్రాసెసర్ కాష్‌లో లేని ఒక్క మాట కోసం మెమరీ దాకా పోయొస్తే ఆ సమయం దాదాపు హరించుకుపోతుంది. అసలు ఖర్చు అక్కడుంది, నీ ఇఫ్ షరతులో లేదు. 2024లో వచ్చిన 6.8లో ఏం చేశారో చూడు. కొత్త అల్గారిథం ఏమీ లేదు, టీసీపీ స్ట్రక్చర్లలో తరచుగా కలిసి వాడే ఫీల్డులను ఒకే కాష్ లైన్‌లోకి పక్కపక్కన సర్దారు. కనెక్షన్లు కిక్కిరిసి ఉన్నప్పుడు 40 శాతం దాకా లాభం వచ్చింది. పైగా ఏ ఫీల్డును ఎక్కడ చదువుతారో, ఎక్కడ రాస్తారో పట్టికలు వేసి డాక్యుమెంటేషన్‌లో పెట్టారు, రేపు ఎవడో వచ్చి మధ్యలో ఇంకో ఫీల్డు దూర్చకుండా. ఇప్పుడు ఎవర్ని కదిపినా "కెర్నెల్ నెమ్మది సార్, పక్కనుంచి దాటేయాలి" అంటారు. దాటేసినవాళ్ళలో చాలామంది మళ్ళీ లోపల ఉన్నవన్నీ బయట ఒక్కొక్కటే కట్టుకోవడం నేను చూశాను.

తెలుగులో రాయడం గురించి అడిగావు. ఒకప్పుడు ఒక పత్రికకు ఈ విషయం మీదే రాశాను. సంపాదకుడు గారు ప్యాకెట్‌ను పొట్లం చేశారు, కెర్నెల్‌ను గింజ చేశారు. "గింజ పొట్లాన్ని విప్పి చూసి పై పొరకు అందిస్తుంది" అని అచ్చయింది. మా బావమరిది ఫోన్ చేసి, పులిహోర గురించి రాశావా బావా అన్నాడు. ఇంకో ఆయన నేను కారణాలు రాసిన పేరాలన్నీ కోసేసి, "పది చిట్కాలు" అని పేరు పెట్టి వేశాడు. నేను నొక్కిన మీట కూడా అలాంటి చిట్కాల్లోంచే వచ్చింది కదా, అందుకే ఆయన్ను ఇంకా క్షమించలేదు. నువ్వు ప్యాకెట్‌ను ప్యాకెట్ అనే రాయి.

పంపే పద్ధతి త్వరగా చెప్తాను. కొత్త పనైతే నెట్-నెక్స్ట్ అనే కోడ్ శాఖకు, తప్పు దిద్దితే నెట్ అనే శాఖకు. కొత్త కోడ్ అంతా కలిపే మెర్జ్ విండో రెండు వారాలు నెట్-నెక్స్ట్ మూసి ఉంటుంది, అప్పుడు పంపకు. ఏ కామిట్‌లో తప్పు మొదలైందో ఫిక్సెస్ అన్న లైనులో రాయి. ఊరికే ఇల్లు సర్దినట్టుండే ప్యాచ్‌లు అక్కడ ఎవరికీ ఇష్టం ఉండవు. ఎవరైనా తప్పు చూపిస్తే గంటలో రెండోది పంపకు, ఒక రోజైనా ఆగు. నా మొదటి ప్యాచ్ నా ఈమెయిల్ ట్యాబులన్నిటినీ స్పేసులు చేసి పంపింది, అప్లై అవలేదని ఒక్క లైను జవాబు వచ్చింది. ఆ ఒక్క లైను పట్టుకుని వారం రోజులు సంబరపడ్డాను.

నీ ఐదు ప్రశ్నల్లో ఉద్యోగం గురించి, రస్ట్ భాష గురించి అడిగినవి ఇప్పుడు కాదు.

కానీ నీ వ్యాసం ఐదో పేజీలో, పోతూ పోతూ ఒక వాక్యం రాశావు. మీ నాయన కేబుల్ లాగే పని చేస్తారని, ఏ వీధిలో ఏ స్తంభం దగ్గర జాయింటు ఉందో, అక్కడ వైరు తిన్నగా కాకుండా ఎందుకు తిప్పాల్సొచ్చిందో ఒక పాత నోటుబుక్కులో రాసుకుంటారని, ఆయన లేనప్పుడు వానలో స్తంభమెక్కే కుర్రాడికి ఆ పుస్తకం ఇచ్చి పంపుతారని. ఆ తర్వాతి వాక్యంలోనే నువ్వు ఎస్‌కేబీలోకి దూకేశావు. ఎనిమిది పేజీల్లో నేను రెండుసార్లు చదివింది ఆ ఒక్కటే. వ్యాసం అక్కడ మొదలుపెట్టి మళ్ళీ రాయి. ప్యాచ్ చించెయ్.

మీ నాయనను అడిగి ఆ నోటుబుక్కులో ఒక పేజీ ఫోటో తీసి పంపు. కొర్లగుంటలో వైరు రోడ్డు దాటించి మళ్ళీ ఇవతలికే తెచ్చారని రాశావు కదా. ఎందుకలా తెచ్చారో నాకు తెలుసుకోవాలనుంది.

ఆశీస్సులతో,
మీ సార్