టెక్ సందేహాలు: బొంత మీద కుట్టు డిజైన్‌ను ఫోన్‌లో ముందే చూసుకోవడం ఎలా?

హన్మకొండ నుంచి ఒక పాఠకురాలు: మా అమ్మ పాత నూలు చీరలు, మా చిన్నప్పటి గౌన్ల ముక్కలు అతికి బొంత పైభాగం తయారు చేసింది. వెడల్పు 60 అంగుళాలు, పొడవు 90. ఇక పొరలన్నీ కలిపి కుట్టాలి. ఏ డిజైన్ వేయాలో తేలడం లేదు. నెట్‌లో చూస్తే అన్నీ బాగానే కనపడుతున్నాయి. మా బొంత మీద ఎలా ఉంటుందో ముందే చూపించే యాప్ ఉందా?

ఫోన్‌లోనే చూసుకోవచ్చు, డబ్బులు పెట్టక్కర్లేదు. ఎలక్ట్రిక్ క్విల్ట్ లాంటి ప్రత్యేక సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి గానీ, బొంతను మొదటి ముక్క నుంచి కంప్యూటర్‌లో డిజైన్ చేసుకునేవాళ్లకే అవి బాగా పనికొస్తాయి. మీ అమ్మగారి బొంత పైభాగం ఇప్పటికే సిద్ధంగా ఉంది. దానికి ఫోన్ కెమెరా, లేయర్లు (ఫొటో మీద పరిచి గీసుకునే పారదర్శక పొరలు) వేసుకునే బొమ్మల యాప్ ఒకటి చాలు. ఐబిస్ పెయింట్ ఉచితంగా దొరుకుతుంది. కంప్యూటర్ ఉంటే క్రిటా వాడండి, అదీ ఉచితమే.

బొంతను నీడపట్టున నేల మీద ముడతలు లేకుండా పరిచి, ఎత్తు నుంచి నిటారుగా ఫొటో తీయండి. డాబా మెట్లెక్కి తీసినా సరే. దగ్గర నుంచి తీస్తే అంచులు వంకరపోతాయి. దూరం జరిగి 2 రెట్లు జూమ్ చేస్తే తిన్నగా వస్తాయి. కెమెరా సెట్టింగుల్లో గ్రిడ్ ఆన్ చేసుకుంటే బొంత అంచును ఆ గీతతో సరిచూసుకోవచ్చు.

తర్వాత కొలత. చాలామంది దీన్ని వదిలేస్తారు, అందుకే స్క్రీన్ మీద బాగున్న డిజైన్ గుడ్డ మీదికి వచ్చేసరికి తేలిపోతుంది. ఫొటోను బొంత అంచుల దాకా కత్తిరించి, వెడల్పు 3,000 పిక్సెళ్లు ఉండేలా సైజు మార్చండి. 60 అంగుళాలకు 3,000 అంటే అంగుళానికి 50 పిక్సెళ్లు. 4 అంగుళాల పువ్వు వేయాలనుకుంటే అది 200 పిక్సెళ్లు ఉండాలి. ఈ లెక్కలో ఒక పిక్సెల్ దాదాపు అర మిల్లీమీటరు, అంటే లావు దారం మందమంత. కాబట్టి పై లేయర్‌లో డిజైన్ గీసేటప్పుడు బ్రష్ సైజు 1 పెట్టండి. 10 పెట్టి గీస్తే మీరు చూసేది దారం కాదు, అర సెంటీమీటరు మందం తాడు!

ఇలా సన్నగా గీయగానే ఒక సంగతి తెలిసిపోతుంది. పూల అచ్చులున్న ముక్కల మీద డిజైన్ దాదాపు మాయమవుతుంది. నిజంగా కుట్టినప్పుడూ అంతే. ముద్రల బట్ట మీద కుట్టు కంటికి కనపడదు, దాని ఎగుడుదిగుడు చేతికి తగులుతుంది. గౌన్ల ముక్కలతో కుట్టిన బొంత అంటే రంగులు, ముద్రలు కిక్కిరిసి ఉంటాయి. దాని మీద నెమళ్లు, తీగలు కుట్టించి అమ్మ కళ్లను కష్టపెట్టకండి. మన ఊళ్లలో ఎప్పటి నుంచో వేస్తున్న కుట్టు, అంచు నుంచి లోపలికి చుట్టూ వరసగా సాగే రన్నింగ్ స్టిచ్, దీనికి బాగా నప్పుతుంది. ముక్కలన్నీ చదరాలైతే పెద్ద వంపు గీతలు వేసి చూడండి, ఆ గళ్ల బిగువు కాస్త తగ్గుతుంది. ఎక్కడైనా సాదా రంగు ముక్క ఉంటే తంగేడు పువ్వో, ఆకో అక్కడ వేయండి. అక్కడైతే కనిపిస్తుంది.

వరసల మధ్య ఎంత దూరం ఉండాలన్నది లోపల ఏం పెట్టారన్నదాన్ని బట్టి ఉంటుంది. అన్నీ చీరల పొరలే అయితే నాలుగు వేళ్ల వెడల్పు దాటనివ్వకండి. దాటితే ఉతికినప్పుడు పొరలు జారి ముద్ద కడతాయి. ఏకిన దూది పరిస్తే ఇంకా దగ్గరగా కుట్టాలి. షాపులో కొన్న బ్యాటింగ్ (బొంత లోపల పరిచే తయారీ దూది పొర) అయితే ఎంత దూరంలో కుట్టవచ్చో ప్యాకెట్ మీదే ఉంటుంది. కొన్నిటికి 3, 4 అంగుళాలు, కొన్నిటికి 10 దాకా. డిజైన్ నచ్చడం కంటే ముందు ఈ అంకె చూడాలి.

చివరగా ఒక పరీక్ష. ఫొటో లేయర్ దాచేసి, తెల్ల కాగితం మీద డిజైన్ ఒక్కటే ఉంచి, బొటనవేలంత సైజుకు జూమ్ తగ్గించండి. అంతటా ఒకే బూడిద రంగు కనిపించాలి. ఒకచోట నల్లగా, ఇంకోచోట తెల్లగా ఉందంటే కుట్లు సమంగా పడలేదన్నమాట. ఒత్తుగా కుట్టిన చోటు ముడుచుకుంటుంది, వదులుగా ఉన్న అంచు అలల్లా లేస్తుంది. కుట్టాక దాన్ని సరిచేయడం చాలా కష్టం.

జమ్మికుంట నుంచి ఒక పాఠకుడు: ఏఐ యాప్‌తో మెలిక ముగ్గు గీయించాను. బొమ్మను మెషిన్ కుట్టుగా మార్చే ఇంక్‌స్టిచ్ సాఫ్ట్‌వేర్‌లో పెడితే వందల చోట్ల దారం తెంపమంటోంది. ఎందుకు?

ఏఐ మీకు ఇచ్చింది ముగ్గు బొమ్మ. మీకు కావలసింది సూది నడిచే దారి. ఆ బొమ్మను బాగా పెద్దది చేసి చూడండి. గీతలు మధ్యలో తెగి ఉంటాయి, చుక్క చుట్టూ తిరగాల్సినవి పక్క గీతలో కలిసిపోయి ఉంటాయి. పైగా బొమ్మను మామూలుగా ట్రేస్ చేస్తే (అంటే సాఫ్ట్‌వేర్‌తో గీతలుగా మార్పిస్తే) గీతకు రెండు అంచులూ రెండు గీతలుగా వస్తాయి. ఇంక్‌స్టిచ్ పనిచేసేది ఇంక్‌స్కేప్ అనే బొమ్మల సాఫ్ట్‌వేర్‌లోనే, అందులో ట్రేస్ బిట్‌మ్యాప్ తెరిచి సెంటర్‌లైన్ ఎంచుకుంటే ఒకే గీత వస్తుంది. అయినా నా సలహా, చుక్కల గ్రిడ్ వేసుకుని పెన్ టూల్‌తో మీరే గీయడం. మీ ఇంట్లో ముగ్గు వేసేవాళ్లను పక్కన కూర్చోబెట్టుకోండి. ఈ విషయంలో వాళ్లకు తెలిసినంత ఏ యాప్‌కూ తెలియదు.

మెలిక ముగ్గును ఎంచుకోవడం మాత్రం చాలా మంచి ఆలోచన. గీతలు కలిసే చోట ఎన్ని దారులున్నాయో లెక్కపెట్టండి. అన్నిచోట్లా సరిసంఖ్య ఉంటే, ముగ్గంతా ఒకదానికొకటి తగులుతూ ఉంటే, దారం తెంపకుండా, కుట్టిన గీతనే మళ్లీ కుట్టకుండా మొదలుపెట్టిన చోటికే రావచ్చు. 18వ శతాబ్దంలో ఆయిలర్ అనే గణితవేత్త వంతెనల లెక్కతో తేల్చిన సూత్రమిది. మెలిక ముగ్గులో గీతలు దాటుకునే ప్రతిచోటా నాలుగు దారులుంటాయి కాబట్టి సూత్రం సరిగ్గా అతుకుతుంది. ముగ్గులో రెండు మూడు వేర్వేరు చుట్లు ఉన్నా భయం లేదు, అవి దాటుకునే చోట నేరుగా పోకుండా మలుపు తిరిగితే ఒక చుట్టులోంచి ఇంకో చుట్టులోకి వెళ్లిపోవచ్చు. ఇంక్‌స్టిచ్‌లో రన్నింగ్ స్టిచ్‌కు దారి తనే వెతికిపెట్టే ఆటో రూట్ పనిముట్టు కూడా ఉంది. గీతలు సరిగ్గా కలిసి ఉంటేనే అది బాగా పనిచేస్తుంది.

కరీంనగర్ నుంచి: బొంతలు కుట్టి అమ్మాలనుంది. ఎంబ్రాయిడరీ మెషిన్ కొంటే డిజైన్ దానంతట అదే కుట్టేస్తుందా?

కుడుతుంది, బట్టను బిగించే ఫ్రేమ్ పట్టినంత మేర. చిన్న మెషిన్లలో ఫ్రేమ్ 4 అంగుళాల చదరం. 60 బై 90 బొంతను నింపాలంటే 345 సార్లు ఫ్రేమ్ విప్పి బిగించాలి. 20 బై 36 సెంటీమీటర్ల పెద్ద ఫ్రేమ్ ఉన్నా 56 సార్లు. ప్రతిసారీ గీత గీతకు కలవాలి. చీరల పొరల మందానికి ఫ్రేమ్ బిగుసుకోవడమూ కష్టమే. బొంతల కోసమే అయితే కొనవద్దు. దానికి లాంగ్ ఆర్మ్ అనే వేరే మెషిన్ ఉంది, అందులో బొంతను చట్రానికి బిగిస్తే మెషిన్ తలే దాని మీద తిరుగుతుంది. ఖరీదు ఎక్కువ, చోటూ ఎక్కువే. మొదట మీ కుట్టు మెషిన్‌కు వాకింగ్ ఫుట్ అనే పాదం కొనుక్కోండి. పై పొరను, కింది పొరను కలిపి లాగుతుంది కాబట్టి తిన్నని వరసలకు ముడత రాదు. వంపులు కావాలంటే బట్టను నెట్టే కింది పళ్లను దించి, డార్నింగ్ ఫుట్ పెట్టి, బట్టను చేత్తో తిప్పుతూ కుట్టాలి. అది చేతికి అలవాటు కావాలి, కాబట్టి ముందు పాత గుడ్డ మీద మొదలుపెట్టండి.

కాజీపేట నుంచి: డిజైన్‌ను అసలు సైజులో ప్రింట్ తీసి గుడ్డ మీదికి ఎలా ఎక్కించాలి?

పీడీఎఫ్‌గా మార్చి కంప్యూటర్‌లో అక్రోబాట్ రీడర్‌తో తెరిచి ప్రింట్ నొక్కి పోస్టర్ ఎంచుకోండి. సైజు 100 శాతం ఉంచితే డిజైన్ ఏ4 కాగితాల మీద ముక్కలుగా వస్తుంది, అతికించుకోవచ్చు. మూలలో ఒక అంగుళం గడి గీసి ఉంచి, ప్రింట్ అయ్యాక స్కేలుతో కొలవండి. ఒకే కాగితం కావాలంటే ఇళ్ల ప్లాన్లు ప్రింట్ చేసే ప్లాటర్ షాపుకు వెళ్లండి. గుడ్డ మీదికి దించడానికి మగ్గం వర్క్ వాళ్ల పద్ధతే మంచిది. ట్రేసింగ్ కాగితం మీద గీత వెంబడి సూదితో రంధ్రాలు పొడిచి, పైన పొడి రుద్దుతారు. వాళ్లు జింక్ పొడిని కిరసనాయిల్లో కలుపుతారు. పాత చీరలకు ఆ వాసన, మరక ఎందుకు, పొడి సుద్ద చాలు. నీళ్లకు పోయే నీలం పెన్ను వాడితే మాత్రం ఉతికేదాకా ఇస్త్రీ పెట్టవద్దు. వేడి తగిలితే ఆ గీత గుడ్డకు పట్టేస్తుంది.