చెవికి అంటించిన గింజలు మర్నాటికే ఊడిపోతుంటే

ఆక్యుప్రెషర్‌లో చెవి మీది బిందువులను నొక్కడానికి చిన్న ప్లాస్టర్‌తో అంటించే గింజల సంగతి ఇది. అవి ఊడడానికి కారణం చాలాసార్లు జిగురు కాదు, చెవి మీది నూనె. తలకు కొబ్బరినూనె రాసేవాళ్లకి ఇది మరీ ఎక్కువ.

1. స్పిరిట్ దూదితో చెవి మడతల లోపలిదాకా తుడవండి.
2. పూర్తిగా ఆరనివ్వండి, కనీసం ఒక నిమిషం. అందరూ వదిలేసేది ఇదే. తడి మీద అంటిస్తే ప్లాస్టర్ అంచులు గంటల్లోనే లేచిపోతాయి.
3. జిగురువైపు వేలు తగలకుండా చిమటాతో పట్టుకుని పెట్టండి. షెన్‌మెన్ అనే ఆక్యుప్రెషర్ బిందువైతే చెవి పైభాగంలోని త్రికోణపు గుంటలో ఉంటుంది.
4. పది సెకన్లు అదిమి పట్టండి.

తర్వాత రోజుకు మూడుసార్లు నొక్కితే చాలు. రుద్దకండి, చర్మం చిట్లుతుంది. మూడు నుంచి ఐదు రోజుల్లో తీసేయండి.

చెవి ఎర్రబడినా, వాచినా వెంటనే తీసేసి డాక్టరుకు చూపించండి. మృదులాస్థికి ఇన్ఫెక్షన్ సోకితే తేలిగ్గా తగ్గదు. గర్భిణులైతే ముందే అడగాలి. వాడుతున్న మందులు మాత్రం ఆపొద్దు.